జుంపే గారి మౌనం

జుంపే ఇరవై ఆరేళ్ల పాటు ఒసాకాలో ఒక రాక్ బ్యాండులో గొంతు చించుకుని పాడాడు. గొంతుకేమీ కాలేదు గానీ, నిలువెత్తు స్పీకర్ల పక్కన నిలబడీ నిలబడీ చెవులు పోయాయి. బ్యాండు విడిపోయాక భార్య చిజురు నడిపే నూడుల్స్ కొట్టులో కుదురుకున్నాడు. అక్కడికి తినడానికొచ్చిన ముసలి దర్శకుడు ఒనొదెరాకు అతని ముఖం నచ్చింది.

"జాలరి పాత్ర ఉంది. వేస్తావా?"

"వేస్తాను సార్. ఉల్లికాడలేగా!" అంటూ జుంపే గుప్పెడు తెచ్చి గిన్నెలో వేశాడు.

చిజురు నెత్తి కొట్టుకుని, భర్త చెవిలో అరిచి విషయం చెప్పింది.

మొదటి రోజు షూటింగులో కూతురి వేషం వేసిన మినోరి, తల వంచుకుని "నాన్నా, పడవ అమ్మేశాను" అనాలి. జుంపే "మంచిది" అనాలి. తల వంచుకుంటే పెదాలు కనపడవు. ఆమె మాట ఎప్పుడు ముగిసిందో తెలియక జుంపే కళ్లప్పగించి చూస్తూ ఉండిపోయాడు. చివరికి ధైర్యం చేసి "మంచిది" అన్నాడు.

ఒనొదెరా కళ్లు తుడుచుకున్నాడు. "తిట్టాలో, దగ్గరికి తీసుకోవాలో తెలియక ఎంత నలిగిపోయాడయ్యా!"

పత్రికలు ఆ మౌనాన్ని ఆకాశానికెత్తేశాయి. మినోరియే కూతురిగా మరో మూడు సినిమాలు, ఒక బహుమతి వచ్చాయి.

"దేశమంతా మెచ్చుకుంటే మెచ్చుకోనీ. సోయా సీసా ఇటివ్వమంటే నా వైపూ అలాగే చూస్తున్నావు. పద డాక్టరు దగ్గరికి!" అంది చిజురు.

చెవులకు మిషన్లు పెట్టించుకున్నాక, ఐదో సినిమా షూటింగులో జుంపే తాళం తప్పని పాటగాడిలా టక్కున జవాబులివ్వసాగాడు. ఒనొదెరా ఎనిమిదిసార్లు కట్ చెప్పాడు.

"నీకేమైందయ్యా?"

"ఇప్పుడు వినపడుతోంది సార్," అని జుంపే తల గోక్కుంటూ అసలు సంగతి చెప్పేశాడు.

ముసలాయన అతని చెవుల వైపు వేలు చూపించాడు. "అవి తీసి జేబులో పెట్టుకో," అన్నాడు.

"వద్దు సార్!" అంది మినోరి. "నాలుగు సినిమాల్లో ఈయన నా మాట ఒక్కటీ వినలేదన్నమాట. ఈసారైనా విననివ్వండి."

కెమెరా తిరిగింది. చావుమంచం మీదున్న తండ్రి చెయ్యి పట్టుకుని మినోరి, "నాన్నా, వెళ్లిపోకు," అంది.

జుంపే లేచి కూర్చున్నాడు. "అమ్మాయ్, నీ గొంతు ఇంత బొంగురా?"

మినోరి పగలబడి నవ్వింది. జుంపేకూ నవ్వు ఆగలేదు. ఒనొదెరా కట్ చెప్పలేదు, ఆ ముక్క కోసెయ్యనూ లేదు. సినిమా విడుదలయ్యాక హాల్లో ఆ చోట జనమంతా నవ్వుతుంటే, చిజురు మాత్రం, ఇక తన మాటా వినపడుతుందని, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చింది.