అక్పెవ్వే దిగని పందెం

మా ఊళ్ళో ఎవరైనా సారా సీసా, నమలడానికి కోలా కాయ తెచ్చి ముందు పెడితే వద్దనడమంటే మొహాన ఉమ్మినట్టే. పుచ్చుకుని, పోయిన పెద్దల పేరున నాలుగు చుక్కలు నేల మీద పోశామా, వచ్చినవాడు అడిగిన పనికి ఒప్పుకున్నట్టే. ఈ రెంటి మధ్యా ఇరుక్కున్నవాడు మా అన్న ఒనొరియోడె. నలిగింది మాత్రం వాడి కూతురు అక్పెవ్వే.

అక్పెవ్వే కాళ్ళ సంగతి ముందు కనిపెట్టింది కోచ్ ఎడాఫే. నేను చదువు చెప్పే బడి మైదానంలో కట్టెల బూడిదతో గీతలు గీసి, దాన్ని చిన్నప్పటినుంచీ పరుగెత్తించాడు. వానకి గీతలు కొట్టుకుపోతే గొణుక్కుంటూ మళ్ళీ గీసేవాడు. పెరిగి పెద్దయ్యేసరికి రాష్ట్రం మొత్తంలో దాన్ని దాటే పిల్ల లేకపోయింది. ఇక మిగిలింది రాష్ట్రాలన్నీ కలిసి జరుపుకునే ఆటల పండుగ. అందులో వంద మీటర్లు గెలిస్తే దేశం జట్టు శిక్షణకి పిలుస్తారు. గెలవకపోతే, మళ్ళీ పొలంలో కసావా దుంపలు తవ్వుకోవడమే.

అప్పుడొచ్చాడు పక్క రాష్ట్రం కోచ్ ఒసారో, ఓ ఆదివారం చర్చి వదిలాక, సీసాలతో, పళ్ళెంలో కోలా కాయలతో. మీ అమ్మాయి మాకు పరుగెత్తాలి, తిండీ చదువూ మేం చూసుకుంటాం అని సూటిగానే అడిగాడు. అన్న ఔననలేదు, కాదనలేదు. ఇంటికొచ్చినవాణ్ణి చిన్నబుచ్చకూడదని సీసా అందుకున్నాడు. అలవాటుకొద్దీ నేల మీద పోసి, బిడ్డ కాళ్ళకి ముల్లు గుచ్చుకోకూడదని పెద్దలకి మొక్కాడు. కాదని తర్వాత నెమ్మదిగా కబురు పెడదామనుకున్నాడట. సీసాలు ఖాళీ అయ్యాయి గాని, కబురు మాత్రం గడప దాటలేదు.

ఒసారో తిన్నగా వెళ్ళి అక్పెవ్వేని తన జట్టులో చేర్చుకున్నాడు. ఎడాఫే అప్పటికే మా రాష్ట్రం జట్టులో చేర్చి ఉన్నాడు.

పండుగలో పందెం రోజున ఆ సంగతి బయటపడింది. ఒక పిల్లకి రెండు జట్లేమిటని అధికారులు విసుక్కున్నారు. కోచ్‌లిద్దరిలో ఒకరు వదులుకోవాలి, లేదా తండ్రి ఏదో ఒక పేరు చెప్పాలి, రెండూ కాకపోతే పిల్ల పరుగెత్తదు అన్నారు.

అన్న తాగినవాటికి బదులు కొత్త సీసాలు కొని ఒసారో ముందు పెట్టాడు. ఒసారో వాటిని తాకలేదు.

"పెద్దాయనా, నేను తెచ్చింది మీ తాతలు తాగేశారు. వాళ్ళచేత కక్కించి పట్రండి, పుచ్చుకుంటా."

పిల్లని వదులుకొమ్మని నేను ఎడాఫేని బతిమాలడానికి పోయాను. అతను నావైపు చూడనైనా చూడలేదు.

"ఈ పిల్ల ఒంట్లో ప్రతి కండా నా బూడిదలో పెరిగింది, మాస్టారూ. సారాకి అమ్ముకున్నవాళ్ళు సారానే పరుగెత్తించుకోండి."

అక్పెవ్వే మా ఆచారం ప్రకారం తండ్రి ముందు మోకరిల్లింది.

"నాన్నా, ఎవరి పేరైనా సరే, ఒకటి చెప్పు. రెండోవాళ్ళ తిట్లు నేను తింటాను."

"నేల మీద పోసి మాటిచ్చానే తల్లీ. తప్పితే తగిలేది నీ కాళ్ళకే కదా."

"అయితే ఒసారో పేరే చెప్పు."

"ఎడాఫే మొహం ఎట్టా చూడను?"

అది నావైపు తిరిగింది. తండ్రి బతికుండగా బాబాయి మాట గాలికి పోయే పొట్టు. అయినా వెళ్ళి మా జట్టు పేరే చెప్పాను. నువ్వు కన్నావా అని అడిగాడు అధికారి. పక్కనున్నవాళ్ళు నవ్వారు. వెనక్కి వచ్చి చూస్తే అన్న నేలచూపులు చూస్తూ అక్కడే కూర్చుని ఉన్నాడు.

ఎవరి చొక్కా వేసుకోవాలో తెలియక అక్పెవ్వే ఉత్త బనీనులోనే ఒళ్ళు వేడెక్కించుకుంది. మేకుల బూట్లు బిగించుకుంది. చివరి నిమిషంలో ఎవరో ఒకరు మెత్తబడతారని దాని ఆశ. తుపాకీ మోగింది. దానికని ఉంచిన నాలుగో వరస ఖాళీగా ఉండిపోయింది. మిగతా పిల్లలు దుమ్ములేని ఆ ఎర్రటి బాట మీద రివ్వున పోయారు.

ఇద్దరు కోచ్‌లూ కమ్మీ పట్టుకుని పక్కపక్కనే నిలబడి చూశారు.

"గెలిచినదానికి పరుగులో మోకాలు పైకి లేవడం లేదు," అన్నాడు ఒసారో.

"మన పిల్లయితే రెండంగలు ముందుండేది," అన్నాడు ఎడాఫే.

ఒసారో తలూపాడు. ఆ రోజు మొత్తానికి వాళ్ళిద్దరూ ఏకమైన మాట అదొక్కటే.

అక్పెవ్వే వాళ్ళ వెనకే ఉంది. ఆ మాట విని, ఇంకా అదురుతున్న తొడలని రెండు చేతులతో నొక్కి పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది.