కుడివైపు బాల్కనీ

మా నాన్న బక్రీ ముప్పై రెండేళ్లు సూయజ్ కాలువలో తాళ్ల పని చేశాడు. దాటిపోయే ఓడల మీదికి తన చిన్న పడవను క్రేనుతో ఎత్తించుకుని ఎక్కడం, అవసరమొస్తే ఓడను గట్టుకు కట్టడం, కాలువ చివర దిగిపోవడం. ఆయన ఎక్కని రకం ఓడ లేదు. అయితే ఏ ఓడలోనూ ముందు భాగం దాటి లోపలికి అడుగు పెట్టలేదు.

ఆయన రిటైరయ్యాక మా అమ్మ ఇన్సాఫ్ పట్టుబట్టింది.

"పుట్టిన దగ్గర్నుంచి పోయే ఓడలకి చేతులూపుతూనే ఉన్నాను. ఒక్కసారైనా ఓడలోంచి మన ఊరికి చెయ్యి ఊపాలి."

అలెగ్జాండ్రియాలో బయల్దేరి, పోర్ట్ సయీద్‌లో ఆగి, ఎర్ర సముద్రంలోకి పోయే యాత్ర ఒకటి దొరికింది. ఓడ మా ఇస్మాయిలియా పక్కనుంచే పోతుంది. మేం ముగ్గురం పోర్ట్ సయీద్‌లో ఎక్కాలి. నాన్న ఓడ పటాన్ని భోజనాల బల్ల మీద పరుచుకుని గది ఎంచడానికి కూర్చున్నాడు.

"పై అంతస్తు తీసుకుందాం నాన్నా, గాలి బాగా వస్తుంది," అన్నాను.

"గాలి లోపలికొస్తుంది, నీ కడుపులోది బయటికొస్తుంది. ఊపు తెలియకూడదంటే నడిమి భాగం, కింది అంతస్తు. నెత్తి మీద డాన్సుల హాలు ఉండకూడదు, కాళ్ల కింద వంటిల్లు ఉండకూడదు. పైనా కిందా నిద్రపోయేవాళ్లే ఉండాలి."

"అవన్నీ నీ ఇష్టం," అంది అమ్మ. "నాకు మాత్రం బాల్కనీ కావాలి. అదీ కుడివైపు. గట్టు మీద మా చెల్లి తహానీ కనబడాలి."

"ఓడకి ఏది కుడో నాకు చెబుతున్నావా?" నాన్న నవ్వి, పెన్సిల్‌తో ఒక గది చుట్టూ సున్నా చుట్టాడు.

ఓడ తెల్లవారుజామున కాలువలోకి కదిలింది. గ్లాసులో నీళ్లు కూడా తొణకలేదు. నాన్న మీసం దువ్వుకున్నాడు. పది కావస్తుండగా అమ్మ కొత్త స్కార్ఫు కట్టుకుని బాల్కనీలోకి వెళ్లింది. ఎదురుగా అవతలి గట్టు, సినాయ్ ఇసుక. అంతా ఇసుకే.

"బక్రీ! మన ఊరిని ఎవరెత్తుకుపోయారు?"

నాన్న పటం తీసి చూశాడు. తిప్పి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఓడ వెనక కొసను ముందు కొస అనుకుని ఎడమవైపు గదికి సున్నా చుట్టేశాడు.

అంతలో పిన్ని ఫోను. "ఎక్కడున్నారే? వీధి వీధంతా రేవు దగ్గరికొచ్చింది. మీ ఓడ ముక్కు కనబడుతోంది!"

"నా వెనక రండి," అన్నాడు నాన్న. "ఓడలు నాకు కొత్తా?"

మొదట బరువులెత్తే గదిలోకి వెళ్లాం. తర్వాత లిఫ్టెక్కి ఇంకెక్కడో దిగి, ఆయన నమ్మకంగా ఒక తలుపు తోశాడు. లోపల మొహాలకు మట్టి పూసుకున్న ఆడవాళ్లు వరసగా పడుకుని ఉన్నారు. ఒకావిడ కెవ్వుమంది. నాన్న కళ్లు మూసుకుని, "మన్నించండమ్మా, మేం ఇస్మాయిలియాకి పోతున్నాం," అంటూ వెనక్కి నడిచాడు.

మళ్లీ కిందికి దిగాం. అటూ ఇటూ ఒకేలాంటి నడవాలు, ఒకేలాంటి తలుపులు. నాకు ఏడుపొచ్చింది. దుప్పట్లు మోసుకుపోతున్న పనమ్మాయి మమ్మల్ని చూసి నవ్వి, తివాచీ మీది బొమ్మలు చూపించింది.

"చేపలు ఈదేవైపే ఓడ ముందు," అంది వచ్చీరాని అరబ్బీలో.

"అయితే చేపల కుడిచేతి వైపు పదండి!" అంది అమ్మ.

"చేపలకి చేతులేంటే?"

"ఇక నువ్వు మాట్లాడకు!"

మెట్ల దగ్గర అవతలి నడవాకి దాటి, అమ్మ మొదట కనబడిన తలుపు దబదబా బాదింది. తల నిండా జుట్టు వంకీలు తిప్పే చుట్టలతో, చేతిలో రొట్టెముక్కతో ఒక పెద్దావిడ తీసింది.

"మా చెల్లెలు గట్టు మీద నిలబడి ఉందమ్మా. మీ బాల్కనీ ఒక్క అయిదు నిమిషాలు..."

"గుమ్మంలో నిలబడి కబుర్లేంటి, ఊరు దాటిపోతుంటే! రా లోపలికి!"

బాల్కనీలోకి పరిగెత్తాం. రేవూ, చెట్లూ, మా జనమూ. పిన్ని ఎర్ర బల్లగుడ్డ ఊపుతోంది. మా పెళ్లిళ్లలోలా ఆవిడ నాలుక ఆడిస్తూ తీసిన మంగళధ్వని నీళ్లమీదుగా మా దాకా వచ్చింది. అమ్మ అంతకంటే గట్టిగా తీసింది. పెద్దావిడ మంచం మీది దుప్పటి లాగి అమ్మ చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుంది. ఇద్దరూ ఎగిరెగిరి ఊపారు.

కింద ఒక తాళ్లవాళ్ల పడవ పోతోంది. అందులో ఒకడు తలెత్తి చూశాడు.

"రయీస్ బక్రీ, మా పెద్ద మేస్త్రీ! అంత లోపలికి ఎవరు పోనిచ్చారయ్యా నిన్ను?"

"టికెట్ కొన్నానురా!" నాన్న రెయిలింగ్ మీదికి వంగి అరిచాడు. పడవలోవాళ్లంతా లేచి నిలబడి సలాములు కొట్టారు. అమ్మ దుప్పటి ఊపడం మాని ఆయన్నే చూసింది.

ఊరు దాటిపోయాక పెద్దావిడ అందరికీ టీ తెప్పించింది. పేరు ఎస్మత్, అలెగ్జాండ్రియాలో కుట్టు నేర్పేదట. తోడు రావలసిన స్నేహితురాలికి కాలు బెణికితే ఒంటరిగా బయల్దేరిందట. ఎక్కినప్పటినుంచి ఎవరితోనూ మాట్లాడలేదంది. ఆ లోటంతా ఆ గంటలోనే తీర్చేసుకుంది.

మధ్యాహ్నం భోజనానికి ఆవిడా అమ్మా చేతులు పట్టుకుని ముందు నడిచారు. వాళ్ల నవ్వు వినబడే దిక్కుకి నేనూ నాన్నా వెనకాలే పోయాం.