ప్రెసిడెంటు గారి అన్నప్రాసన

మా బేస్‌మెంట్‌లో కాబోయే అమెరికా ప్రెసిడెంటు అద్దెకుంటున్నాడని ఈ కెనడా కేంబ్రిడ్జ్‌లో సగం మంది తెలుగువాళ్లకు తెలుసు. నవ్వకండి. ఆ కుర్రాడి పేరు ప్రజ్వల్. పుట్టింది న్యూజెర్సీలో, పెరిగింది కర్నూలులో. అమెరికాలో పుట్టినవాడు కాబట్టి ఎప్పటికైనా ఆ కుర్చీ ఎక్కుతాడని వాళ్లమ్మ భ్రమరాంబ నమ్మకం. అన్నప్రాసన నాడు పీట మీద పుస్తకం, పెన్ను, గొలుసు, చాకు పెడితే పిల్లాడు పాక్కుంటూ వెళ్లి పెన్నే పట్టుకున్నాడట. ఇంకేముంది, చట్టాల మీద సంతకాలు పెట్టే చెయ్యి అని ఆవిడ అప్పుడే తేల్చేసింది. ఆ ఫోటోకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. నాకూ వాట్సాప్‌లో పంపింది. "పిల్లాడి కళ్లలో నీళ్లేమిటండీ?" అని అడిగితే, పాయసం వేడిగా ఉండింది అక్కా అంది.

ఆ పెన్ను పుణ్యమా అని వాణ్ణి ఇక్కడ పొలిటికల్ సైన్స్‌లో చేర్చారు. పక్క దేశమైతేనేం, గోడ దూకితే అమెరికానే కదా అని ఆవిడ లెక్క. అప్పట్లో మా వీధిలో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా మన పిల్లలే ఉండేవాళ్లు. "ప్రెసిడెంట్ సార్, ఇయ్యాల గిన్నెలు మీరే కడగాలె" అని వాడి రూమ్మేట్ సాయి తేజ ఏడిపించేవాడు. వీడు నవ్వేసి గిన్నెలు కడిగేవాడు.

ఆ అక్టోబరులో వాడి చొక్కా చేతుల మీద సన్నటి కాలిన చిల్లులు కనబడ్డాయి. సిగరెట్లు మొదలుపెట్టాడని నాకు ఒళ్లు మండింది. పట్టుకుని నిలదీస్తే నిజం బయటపెట్టాడు. యూనివర్సిటీ మానేసి సెప్టెంబర్ నుంచి వెల్డింగ్ కోర్సులో ఉన్నాడట. స్టడీ పర్మిట్ కూడా మార్పించుకున్నాడట. అవి నిప్పురవ్వల చిల్లులు.

"మీ అమ్మకి చెప్పావా?"

"లేదాంటీ. ఆమె తట్టుకోలేదు."

"బాగుందిరా! ఆవిడ అక్కడ నీకు పట్టాభిషేకం చేస్తుంటే నువ్విక్కడ ఇనుం అతుకుతున్నావా?" అని నాలుగు చీవాట్లు పెట్టాను. మా బట్టల డ్రయ్యర్ మొరాయించినప్పుడు వాడు దాన్ని విప్పుకుని కూర్చున్న తీరు గుర్తొచ్చింది. ఆ మొహంలో ఉన్న సంబరం పుస్తకాల ముందు ఎప్పుడూ చూడలేదు. కోపం అక్కడే చల్లారిపోయింది.

అంతలో భ్రమరాంబ ఇంకో ముహూర్తం పెట్టింది. ఆదివారం వాళ్ల అపార్ట్‌మెంట్ వాళ్లందరినీ పోగేసి, పెద్ద టీవీలో కొడుకు చేత అమెరికా ఎన్నికల మీద మాట్లాడిస్తుందట. శనివారం పొద్దున్న నేను దోసెలు వేస్తుంటే వీడు పాలిపోయిన మొహంతో వచ్చాడు.

"రేపు అబద్ధమాడితే ఇంక జీవితాంతం ఆడాల. ఇప్పుడే చెప్పేస్తా ఆంటీ. అమ్మ నాతో మాట్లాడడం మానేస్తుందేమో... మీరు పక్కన కూర్చోండి."

స్టవ్ ఆపి కూర్చున్నాను. వీడియోలో ఆవిడ వెలిగిపోతోంది. "ఏమిరా, తిన్న్యావా? రేపు కోటు ఏసుకో."

"అమ్మా, నేను పొలిటికల్ సైన్స్ మానేసినా. వెల్డింగ్ నేర్చుకుంటాండా. నాకు అదే ఇష్టం."

ఆవిడ లేచి వెళ్లిపోయింది. ఫోన్లో ఖాళీ సోఫా మిగిలింది. "భ్రమరాంబగారూ!" అని అరిచాను.

ఆవిడ ఆ ఫ్రేము పట్టుకుని వచ్చింది. నేలకేసి కొడుతుందనుకున్నాను.

"ఈ పెన్ను నువ్వు పట్టుకోలేదురా," అంది. "నేను పెట్టినా. నీకు అన్నం తినిపించే కుర్చీ బిగించి, మీ నాయన స్క్రూడ్రైవర్ ఆడనే వదిలేసినాడు. పీట మీదివి ఒక్కటీ చూడలేదు నువ్వు, పోయి దాన్నే పట్టుకున్నావు. నలుగురూ నవ్వుతారని గుంజుకొని పెన్ను పెట్టినా. అందుకే ఏడ్చినావు. పాయసం కాదు, ఏం కాదు."

వీడు ఫోన్ దగ్గరికి లాక్కుని ఆ ఫోటో వంక చూశాడు.

"ఎవురన్నా ఆ ఫోటో చూసినప్పుడల్లా నాకు దడే. అబద్ధానికి ఫ్రేము కట్టించుకుంటి. ఈ రోజుకి గుండెల మీద బరువు దిగింది నాయనా," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వు మొదలైంది ఆవిడకి. ఇక ఆగితేనా! మేమూ ఆపుకోలేకపోయాం.

"మరి రేపు?" అన్నాడు వీడు భయంభయంగా.

"అద్దె కుర్చీలు చెప్పేసినాం, ఎట్ల ఆపేది? ఆ ఇనుము ఎట్ల అతికిస్తారో అదే చెప్పు. మా గేటు ఊడి ఆరు నెలలాయె, అందరూ శ్రద్ధగా వింటారు." ఫోన్ పెట్టేయబోయి ఆగింది. "ఆ స్క్రూడ్రైవర్ పారేయలేదురా. దేవుని గూట్లోనే పెట్టినా. వచ్చినప్పుడు తీసుకో, నీదే."

వాడు ఫోన్ బల్ల మీద బోర్లించి, చేతుల్లో మొహం దాచుకుని, కాస్సేపు పసిపిల్లాడిలా ఏడ్చాడు. నేను స్టవ్ వెలిగించాను. పెట్టినన్ని దోసెలూ తిన్నాడు.