పాలక్యాన్ల మీద హెల్సింకి

తెల్లారగానే పాలక్క చేసే మొదటి పని పాలకేంద్రం రేకుల మీది మంచు దించడం. దాన్ని తొట్టిలోకి తోసి, పాలక్యాన్లు మెడదాకా అందులో ముంచుతుంది. మిగిలింది గోతిలో వేసి రంపపు పొట్టు కప్పితే ఎండాకాలానికీ దిగుల్లేదు.

గుప్పెడు ఇళ్ళున్న ఆ పల్లె పేరు హెల్సింకి. ఓడలో వంట చేసొచ్చిన ముత్తాత ఒకాయన, తను చూసినవాటిలో ఆ చలిదేశపు ఊరే గొప్పదని తేల్చి, ఆ పేరుతో మలుపులో బోర్డు రాసి పాతాడు. అప్పట్నుంచీ అక్కడ మంచు కురిస్తే ఇక్కడా కురుస్తుంది. కాలవ దాటితే మాత్రం జనం ఫ్యాన్ల కింద చెమటలు కక్కుతుంటారు. ఎవరి వాతావరణం వాళ్ళది, ఇందులో వింతేముంది?

పాలవ్యాను వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. మంచు లేకపోతే పాలు విరిగిపోతాయి, పాలకేంద్రం మూతపడుతుంది. అప్పుడు పాలక్క మళ్ళీ పక్కూళ్ళో ఉండే పంచాయతీ ప్రెసిడెంటు ఇంట్లో అంట్లు తోమి వాకిలి ఊడవాలి. చచ్చినా ఆ గుమ్మం తొక్కనని ఏనాడో ఒట్టు పెట్టుకుంది.

సరిగ్గా ఆ ప్రెసిడెంటుకే పుట్టింది బుద్ధి, చనిపోయిన తన తండ్రి పేరు ఈ పల్లెకి పెట్టాలని. మైకు పెట్టించి, ముసలి తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, పాత బోర్డు పీకించి కొత్తది దిగ్గొట్టించాడు. ఆవిడ పుట్టింది ఈ పల్లెలోనే. ఆవిడ చూపు పీకేసిన బోర్డు మీదే ఉంది.

పాలక్క ఊరుకుంటుందా?

"మీ నాన్నగారు పెళ్ళయ్యాక ఒక్కనాడైనా ఇటు తొంగిచూశారా అయ్యా?"

"దేశంకాని దేశం పేరు మనకెందుకు? పరువు తక్కువ."

"మీ నాన్నగారి పేరుకి మంచు పడుతుందా?"

"పడకపోతే మా ఇంటికొచ్చెయ్. నీ చీపురు ఎక్కడికీ పోలేదు," అని నవ్వాడు.

పాలక్కకి ఒళ్ళు మండిపోయింది. మర్నాడు రేకులు ఎండిపోయి ఉన్నాయి. గోతిలో ఉన్నది ఎన్నాళ్ళొస్తుంది? తారుడబ్బా తీసి, ఒక్కో క్యాను మీదా ఇంతేసి అక్షరాలతో "హెల్సింకి" అని రాసిపారేసింది.

"నా క్యాను, నా ఇష్టం. ఎవడు అడ్డమొస్తాడో చూస్తా!"

కోపంలో ఆవిడ మరిచిపోయిందేమిటంటే, క్యాన్లు ఇంటిపట్టున ఉండవు. మర్నాడు వ్యాను డ్రైవరు భుజాలు దులుపుకుంటూ దిగాడు.

"ఏం చేశావక్కా? నిన్న దారి పొడుగునా వ్యాన్లో మంచే! డెయిరీలో మేనేజరు గొడుగేసుకుని మరీ పాలు కొలిపించాడు. ఇంత చల్లటి పాలు పుట్టి బుద్ధెరిగాక చూళ్ళేదట."

"అయితే ఇంకా పెద్దక్షరాలు రాస్తానుండు," అంది పాలక్క.

ఆ కబురు ప్రెసిడెంటు తల్లి చెవిన పడింది. ముసలావిడ చడీచప్పుడు లేకుండా లేచి, బొగ్గుముక్కతో వీధి తలుపు మీద ఆ పేరే రాసింది. వాకిలి నిండా మంచు దిగింది. కొడుకు చెరిపాడు. ఆవిడ మళ్ళీ రాసింది.

"ఏంటమ్మా నీ మొండితనం?"

"ఫలానావారి భార్యనని ఇన్నేళ్ళు పిలిపించుకున్నానురా, చాలు. ఇది నా పుట్టింటి పేరు. నువ్వెన్నిసార్లు చెరిపితే అన్నిసార్లు రాస్తా."

ఇంకోసారి చెరిపే ధైర్యం అతనికి లేకపోయింది. దుప్పటి కప్పుకుని వణుకుతూ పాలకేంద్రానికి వచ్చాడు.

"నా బోర్డు పీకించేశాను, మీ పాతది పాతించేశాను. కానీ అమ్మ తలుపు దగ్గరకి రానివ్వట్లేదు. పనివాళ్ళు చలికి జడిసి పారిపోయారు. మంచు తియ్యడం నీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? ఒక్కసారి వచ్చి మా వాకిలి..."

పాలక్క క్యాను మూత బిగించి, తీరిగ్గా చేతులు తుడుచుకుంది.

"నేను రానయ్యా. కావాలంటే ఎలా తియ్యాలో చెబుతాను, నేర్చుకోండి. ముందు నడుం వంచాలి."