కుర్చీ వెనుక ఎవరో

వాక్యం మళ్ళీ మాయమైంది.

ఇప్పుడే టైప్ చేశాను, నా కళ్ళతో చూశాను. తెర మీద గడియారం పరుగెడుతోంది. వ్యాసానికి ముగింపు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ. నా వేలు డిలీట్ మీట మీద ఉంది. అక్కడికి ఎప్పుడు వెళ్ళిందో నాకే తెలియదు.

తెర ఆగిపోయింది. టైమ్ అయిపోయింది.

రేపే అసలు పరీక్ష. ఇంగ్లీషు వినడం, చదవడం, మాట్లాడటం ఎప్పుడో గట్టెక్కాయి. రాత దగ్గరే ప్రతిసారీ అర మార్కు తక్కువ. ఈసారీ తప్పితే, విదేశీ ఆసుపత్రివాళ్ళు నా కోసం ఆపి ఉంచిన నర్సు ఉద్యోగం ఇంకొకరిది.

"సిస్టర్, మాటిమాటికీ వెనక్కెందుకు చూస్తున్నారు?" పక్కనే నిలబడ్డ కోచింగ్ మేడమ్ అడిగింది.

"చూడలేదే!"

"చూశారు. 'నా అభిప్రాయం' అని మొదలుపెట్టిన ప్రతిసారీ చూశారు, వెంటనే చెరిపేశారు. కొందరేమంటారు, ఇంకొందరేమంటారు, అన్నీ చక్కగా రాశారు. మీరేమంటారని కదా ప్రశ్న! అది చెప్పకపోతే మార్కు పెరగదు. మీ ఇంగ్లీషుకేం రోగం లేదు."

గభాలున తిరిగి చూశాను. పెచ్చులూడిన గోడ తప్ప ఎవరూ లేరు. అయినా మెడ మీద వెచ్చటి ఊపిరి.

అది బస్సులోనూ నా వెంట వచ్చింది. కిటికీ అద్దంలో నా మొహం వెనుక వెతికాను. వార్డులో మేం రాసే రిపోర్టులు గుర్తొచ్చాయి. మందు ఇవ్వబడింది, గాయం శుభ్రం చేయబడింది. ఎవరు చేశారు? ఎవరూ కాదు. ఇంట్లోనూ అంతేగా. అన్నం ఉడుకుతుంది, బట్టలు ఆరి మడతలు పడతాయి, అత్తయ్య మాత్రలు వేళకి చేతిలోకి వస్తాయి. ఎవరూ చేయరు, అవే అవుతాయి. 'నేను' అనే మాట రాయక ఎన్నాళ్ళయిందో.

వంట ముగించి భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచాను. పిల్లలకు ఇంటిపని నేర్పాలా వద్దా? పొద్దున కోచింగ్‌లో ఇచ్చిన ప్రశ్నే. 'నా అభిప్రాయంలో' అని కొట్టాను.

మెడ మీద ఊపిరి. టీ వాసన.

"అబ్బో! మేడంగారికి అభిప్రాయాలు కూడానా!" కుర్చీ వెనుక నిలబడి మా ఆయన నవ్వాడు. "అమ్మా, విన్నావా? ముందు కూరలో ఉప్పు సంగతి తేల్చుకోమను."

ఎదురుగా సోఫాలో అత్తయ్య కూడా నవ్వింది. నా వేలు మీట వైపు జరుగుతోంది. ఈసారి దాన్ని చూశాను. అది నా చెయ్యిలా లేదు, ఎవరో పట్టుకుని నడిపిస్తున్నట్టుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"పాపం, ఎవరి కళ్ళు పడ్డాయో! అన్నీ వచ్చి, ఈ రాత ఒక్కటే దీన్ని పీడిస్తోంది" అంది అత్తయ్య.

"కళ్ళూ లేవు, కాళ్ళూ లేవు. బుర్రే అంత" అన్నాడాయన.

కుర్చీ వెనక్కి తిప్పాను. ఈసారి అక్కడ గోడ లేదు. ఆయన నవ్వు సగంలో ఆగింది.

"బుర్ర కాదు అత్తయ్యా, ఎవరి కళ్ళూ కాదు. నేను రాసిందల్లా చెరిపేస్తున్నది మీ అబ్బాయి."