తడి ఆరకముందే

చేతులకు గ్లౌజులు తొడుక్కుని ఎవరైనా నిద్రపోతారా, అదేదో దొంగతనానికి బయలుదేరినట్టు, తెల్లటి నూలు గ్లౌజులు, ఈ చలికాలం మొదలైన దగ్గర్నుంచి నా భార్యది ఇదే వేషం, పడుకోబోయే ముందు గోరువెచ్చటి నీళ్ళలో చేతులు ముంచడం, తువ్వాలుతో తుడిచీ తుడవనట్టు అద్దుకోవడం, ఇంకా తడి ఉండగానే డబ్బాలోంచి ఇంత క్రీము తీసి పూసుకోవడం, పైన గ్లౌజులు, ఇక దీపం మీరే ఆర్పండి నా చేతులు ఖాళీ లేవు అనడం, ఇదంతా నేర్పిందెవరయ్యా అంటే వాళ్ళ పూలషాపులో బొకేలు కట్టడానికి కొత్తగా చేరిన మనిషి, ఆయన చెప్పారండీ అంటుంది, ఆయనట, మా ఇంట్లో ఆయన అంటే ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే, ఇప్పుడు ఇద్దరమయ్యాం, నేను మాత్రం అతనికి గ్లౌజుల దొర అని పేరు పెట్టుకున్నాను, పైకి ఎప్పుడూ అనలేదు, లోపల అనుకోని పూట లేదు, ఇదిగో ఈ బ్యాగు పట్టీ కుడుతూ కూడా అదే అనుకుంటున్నాను, సూది కాస్తా బొటనవేల్లో దిగింది, దిగనీ, అతని వేళ్ళు చూశాను ఒకసారి, వెన్నముద్దల్లా ఉన్నాయి, రోజంతా ముళ్ళు గీరే మనిషికి అలాంటి వేళ్ళేమిటి, అక్కడే అనుమానం రావాలి ఎవరికైనా.

పోయిన చలికాలం దాకా ఆమె చేతుల సంగతి నాది, పూలషాపులో పని అంటే అందరూ పూలే అనుకుంటారు, అది నీళ్ళ పని అని నాకు తెలుసు, పొద్దున్నే బకెట్లు తోమడం, గడ్డకట్టే నీళ్ళలో కాడలు ముంచి కోయడం, ఆకుల జిగురు వదలడానికి ఘాటైన సబ్బు, సాయంత్రానికి వేళ్ళ కణుపుల దగ్గర చర్మం బీటలు వారి ఎర్రగా విచ్చుకునేది, ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా, ఏమండీ కాస్త చూడరూ, అని రెండు చేతులూ నా ముందు చాపేది, ఆ ఒక్క మాట వినడానికే నేను షాపు కట్టేసి పరుగున ఇంటికి చేరేవాణ్ణి, ఇద్దరం పెద్దగా మాటలు రానివాళ్ళం, పెళ్ళయిన కొత్తలో కూడా కూర బాగుంది అంటే ఊ అనుకునే బాపతు, మాకున్న ముచ్చటల్లా ఆ కాసేపే, ముందు పొడిగుడ్డతో ఒక్కో వేలూ తుడిచేవాణ్ణి, వేళ్ళ సందుల్లో కూడా, తర్వాత హీటరు ముందు పెట్టించి చుక్క తడి లేకుండా ఆరనిచ్చేవాణ్ణి, అప్పుడు నూనె, మైనం కలిపి నేనే కాచిన నూనె, తడి తోలుకి నూనె పట్టిస్తే మచ్చలు పడతాయిరా, లోపల బూజు పడుతుంది, ముందు బాగా ఆరనియ్, తర్వాత అదే తాగుతుంది, అని మా నాన్న ఈ స్టూలు మీదే కూర్చుని నేర్పాడు, తోలంటే చర్మమే కదా, ఊళ్ళోవాళ్ళ బ్యాగులూ బెల్టులూ బాగుచేసే చేతికి పెళ్ళాం చేతులొక లెక్కా, మీ చేతిలో ఏదో ఉందండీ అనేది కళ్ళు మూసుకుని, నాకు ఒళ్ళు పొంగిపోయేది, మళ్ళీ మర్నాడు పగిలేవి, మళ్ళీ చాపేది.

ఏమయ్యా, సూట్‌కేసు పిడి ఊడిందని ఇందాకట్నుంచి చెబుతుంటే ఎక్కడ చూస్తున్నావు, అంటోంది ఎదురుగా ఒక పెద్దావిడ, ఎప్పుడొచ్చిందో, రేపు రండమ్మా అన్నాను, రేపు నేను ప్రయాణమైతేనూ అంది, అయితే తాడు కట్టుకోండి అన్నాను, ఆవిడ ముఖం మాడ్చుకుని పోయింది, పాపం, ఆవిడ చేసిందేముంది, నా కడుపుమంట ఆవిడ మీద కక్కాను, అవును కడుపుమంటే, ఒప్పుకుంటే పోయేదేముంది, నా నూనె గిన్నె కిటికీలో దుమ్ము పట్టిపోయి ఉంది, ఈ ఏడు ఒక్కసారైనా మూత తీసే పని పడలేదు, నిన్న ఉండబట్టలేక, చేతులు చూపించు అన్నాను, బాగానే ఉన్నాయండీ అని దుప్పట్లోకి లాక్కుంది, ఆమె తప్పేం లేదు, గ్లౌజులకి నూనె అంటుకుంటుందని, అంతే, కానీ నాకు రాత్రంతా నిద్ర లేదు, నాకు చూపించని చేతులు అతనికి చూపిస్తోందా అని, వయసొచ్చిన మనిషికి ఇదేం బుద్ధి అని నన్ను నేను తిట్టుకున్నాను, తిట్టుకుంటే పోయేదా అది, సరే, ఇవాళ తేల్చుకుందాం, షట్టరు దించేశాను, పూలషాపు రోడ్డు దాటితే నాలుగో గుమ్మం, గాలి కోస్తోంది, బస్సు వెళ్ళేదాకా ఆగాలి, బస్సు కూడా ఇవాళే ఇంత పొడవు కావాలా.

షాపు అద్దం తలుపులోంచి ఇద్దరూ కనిపించారు, బకెట్లన్నీ గోడవారగా బోర్లించి ఉన్నాయి, మా ఆవిడ మోచేతుల దాకా ఉండే రబ్బరు తొడుగులు అప్పుడే విప్పింది, విప్పి, రెండు చేతులూ అతని ముందు చాపింది, అచ్చం నా ముందు చాపినట్టే, అరచేతులు కిందికి, వేళ్ళు విడదీసి, గ్లౌజుల దొర దీపం కిందికి వంగి కణుపులు ఒక్కొక్కటే చూస్తున్నాడు, ముట్టుకోలేదు, ముట్టుకోకపోయినా సరే, నా గుండెలో ఎవరో నిప్పు పెట్టారు, తలుపు తోశాను, గంట మోగింది, రండి సార్ రండి, మీ ఆవిడ చేతులు చూడండి, ఒక్క పగులు లేదు, మాట వినే మనిషండీ అన్నాడు, ఎంత ఆనందమో ఆ ముఖంలో, కల్మషం ఎక్కడా దొరకలేదు, దొరికితే బాగుండేది, నావీ ఒకప్పుడు ఈవిడ చేతుల్లాగే పగిలి నెత్తురు కారేవి సార్, చర్మం డాక్టరు తిట్టి నేర్పాడు, వేడినీళ్ళు పనికిరావు, తడి పనిలో రబ్బరు తొడుగు ఉండాలి, దానికింద పల్చటి నూలుది, కడుక్కోగానే తడి ఆరకముందే క్రీము పూయాలి, ఈవిడ ఇదివరకు హీటరు దగ్గర బాగా ఎండబెట్టుకుని నూనె రాసుకునేవారట, అందుకే మరి, ఎండిపోయాక రాస్తే ఇంక లోపల నిలబడటానికి తడి ఏముంటుంది సార్, ఎవరు చెప్పారమ్మా ఆ పద్ధతి అంటే చెప్పరు, అన్నాడు, నేను ఆమె వైపు చూశాను, ఆమె బల్ల మీద రాలిన ఆకులు ఏరుతోంది, ఏదో లెండి, ఇంట్లో ఎప్పట్నుంచో అలవాటు, అంది తల ఎత్తకుండా, నన్ను కాపాడింది, అతని ముందు నన్ను కాపాడాల్సి వచ్చింది, చచ్చిన తోలు సంగతే నాకు తెలుసు, ఏళ్ళ తరబడి ఆ చేతుల్ని నేనే ఎండబెట్టాను, మీరూ ఒక డబ్బా కొనుక్కోండి సార్, మీ చేతులూ బాగాలేవు అన్నాడు, అలాగే అన్నాను.

ఇద్దరం నడుస్తున్నాం, ఎందుకొచ్చారని అడగకుండానే ఆమె నా కోటు జేబులోకి చేయి దూర్చి నా చేతిని పట్టుకుంది, గ్లౌజు లేదు, వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది, ఎవరి చెయ్యో అనిపించింది, నేను తప్పు చేస్తున్నానని నీకు ముందే తెలుసా, అని అడగాలి, మాటలే తడబడుతున్నాయి, నీకు తెలుసా ఆ నూనె వల్లేనని, అన్నాను చివరికి, తెలీదండీ, ఆయన చెప్పాకే తెలిసింది, మీకెలా చెప్పడమా అని ఊరుకున్నాను, మీరంత శ్రద్ధగా రాసేవారు, అంది, కాస్త దూరం పోయాక మళ్ళీ అంది, ఇదివరకు తాళం తిప్పాలన్నా ప్రాణం పోయేదండీ, జడ వేసుకుంటే వెంట్రుకలు ఆ పగుళ్ళలో ఇరుక్కునేవి, ఏడుపొచ్చేది, ఈ ఏడు చలికాలం వచ్చిందనే తెలీలేదు నాకు, అని నవ్వింది, జడ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు, నాకు తెలిసింది ఆ నూనె రాసే కాసేపే, మిగతా రోజంతా ఆమె ఒక్కతే పడింది, పోనీలే, ఇప్పుడు మానింది కదా, సంతోషించాలి కదా, సంతోషిద్దామనే చూస్తున్నాను, ఎందుకండీ అలా నొక్కుతున్నారు అంది, ఏం లేదు అన్నాను, జేబులో నా బొటనవేలు ఆమె కణుపుల మీద ఒక్కొక్కటే పోతోంది, ఎక్కడైనా ఒక గరుకు, ఒక చిన్న బీట మిగిలుందేమోనని తడుముతోంది, లేదు, చివరి వేలు దాకా లేదు, నాకు ఏడుపు వచ్చినంత పనైంది, అది దొరకనందుకు, నాకిప్పుడు ఆ మనిషి మీద కోపం లేదు, అతను ఈ చేతులు మానాలని కోరుకున్నాడు, నేను, ఈ చేయి పట్టుకుని నడుస్తూ కూడా, ఇది మళ్ళీ పగలాలనే కోరుకుంటున్నాను.