కుడి స్తంభానికి పైన

ఆ బంతి స్తంభానికి లోపలగా పోయిందా, బయటగా పోయిందా అన్న అనుమానం ఆర్విన్ టెస్కీని ఇరవై ఆరేళ్లుగా వదల్లేదు. ఆదివారం చర్చిలో పాపాలు ఒప్పుకునే ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి అదే గుర్తొచ్చేది. అది పాపమో, పొరపాటో దేవుడికే తెలియాలని ఊరుకునేవాడు.

నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊరి బడి మైదానంలో ఆ రోజు జరిగిన అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకు ఆర్విన్ రిఫరీ. ఆఖరి నిమిషం. పదిహేడేళ్ల లాయిడ్ హ్రుస్కా తన్నిన బంతి అడ్డకమ్మీ మీదుగా, రెండు స్తంభాల మధ్యగా పోతే ఊరు గెలుస్తుంది. అప్పటి స్తంభాలు అడ్డకమ్మీ మీద పదడుగులే. బంతి కుడి స్తంభం కొసకన్నా ఎత్తున పోయింది. అలాంటప్పుడు స్తంభం ఆకాశం దాకా ఉన్నట్టు ఊహించుకుని, దాని కింద నిలబడ్డ రిఫరీయే తేల్చాలి. గోల్ కాదని ఆర్విన్ చేతులు అడ్డంగా ఊపాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. లాయిడ్ మాత్రం దగ్గరికొచ్చి, నిజంగా చూశారా సార్ అని మెల్లగా అడిగాడు. ఆర్విన్ జవాబివ్వకుండా వెళ్లిపోయాడు.

ఇప్పుడు లాయిడే ఆ ఊరి వెల్డర్. బడివాళ్లు పాత స్తంభాలు తీసేసి ఇరవై అడుగులవి పెట్టమన్నారని తెలిసి ఆర్విన్ మైదానానికి వెళ్లాడు. లాయిడ్ నిచ్చెన మీద నిలబడి టేపుతో కొలుస్తున్నాడు. అడ్డకమ్మీ దగ్గర ఇరవై మూడడుగుల నాలుగంగుళాలు సరిగ్గా ఉందట. కొసల దగ్గర మాత్రం అయిదంగుళాలు తక్కువ. గెలిచినప్పుడల్లా పిల్లలు ఎక్కి వేలాడితే కుడి స్తంభం లోపలికి వాలిందన్నాడు.

ఆర్విన్ తలెత్తి ఆ స్తంభం వంక చూశాడు. ఆ రోజుకే వాలి ఉంటే, తాను ఆకాశంలోకి గీసుకున్న గీత కూడా వంకరే. తప్పంతా ఇనుముదే అనేసి ఇంటికి పోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"అప్పుడు నువ్వొక మాట అడిగావు లాయిడ్."

"జవాబు చెప్పడానికి మంచి రోజే చూసుకున్నారు సార్. సాక్ష్యాన్ని ఇప్పుడే కోసేస్తున్నా."

"నేను చూడలేదు. కళ్లలో ఎండ పడింది. రెండో స్తంభం కింద ఉన్న ఇంకో రిఫరీనైనా అడిగి ఉండొచ్చు. తెలీదని ఒప్పుకోడానికి సిగ్గేసి చేతులు ఊపేశాను."

లాయిడ్ టేపు చుట్టేశాడు.

"నేనూ చూడలేదు సార్. తన్నాక కూడా తలెత్తకూడదని మా కోచ్ నేర్పాడు. ఎత్తేసరికి బంతి లేదు. అందుకే మిమ్మల్ని అడిగాను. తిట్టడానికి కాదు."

నిచ్చెన దిగి వచ్చి, చేతికున్న తోలు తొడుగు తీసి చెయ్యి చాపాడు.

"నా జవాబు నాకు ముట్టింది సార్," అన్నాడు.